జేసన్, జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్: రెండూ ఒకటి కావు

జేసన్ పూర్తి పేరు 'జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్ నోటేషన్'. ఈ పేరే చాలామందిని పొరబడేలా చేస్తుంది. జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్ అంటే ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు మెమరీలో ఉండే విలువ. జేసన్ మాత్రం ఉత్త అక్షరాల వరుస. ఆబ్జెక్ట్‌ను ఫైల్‌లో దాచాలన్నా, మరో కంప్యూటర్‌కు పంపాలన్నా ముందు దాన్ని అలా అక్షరాల్లోకి మార్చాలి. ఈ పనినే సీరియలైజేషన్ అంటారు.

2000ల తొలినాళ్లలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జేసన్‌ను ప్రచారంలోకి తెచ్చారు. 2013లో అది ఎక్మా-404 ప్రమాణమైంది. జావాస్క్రిప్ట్‌లో పుట్టినా ఇప్పుడు పైథాన్, జావా వంటి భాషలూ దాన్ని చదువుతాయి.

రాతలో తేడా

జావాస్క్రిప్ట్ కోడ్‌లో ఆబ్జెక్ట్ రాసేటప్పుడు పేర్లకు కోట్స్ లేకపోయినా, సింగిల్ కోట్స్ వాడినా, చివర కామా మిగిలినా, మధ్యలో కామెంట్ ఉన్నా చెల్లుతుంది. జేసన్‌లో ఇవేవీ చెల్లవు. పేర్లకూ, స్ట్రింగ్‌లకూ డబుల్ కోట్స్ తప్పనిసరి. స్ట్రింగ్, సంఖ్య, ట్రూ లేదా ఫాల్స్, నల్, అరే, ఆబ్జెక్ట్ తప్ప మరో రకం విలువకు చోటు లేదు.

చప్పుడు లేకుండా మారేవి

రాతలో తప్పు ఉంటే ఎర్రర్ వస్తుంది, దిద్దుకోవచ్చు. ఎర్రర్ రాకుండా డేటా మారిపోవడమే అసలు ప్రమాదం. ఆబ్జెక్ట్‌ను 'జేసన్.స్ట్రింగిఫై'తో మార్చినప్పుడు అందులోని ఫంక్షన్లు, 'అన్‌డిఫైన్డ్' విలువలు మాయమవుతాయి. 'నాన్', 'ఇన్ఫినిటీ' విలువలు నల్ అవుతాయి.

తేదీ స్ట్రింగ్‌గా మారుతుంది, అదీ యూటీసీ సమయంలో. భారత కాలమానం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. అందుకే మన దేశంలోని కంప్యూటర్‌లో 1990 ఆగస్టు 15 అర్ధరాత్రి 12 గంటలుగా నమోదైన పుట్టినతేదీ, జేసన్‌లో ఆగస్టు 14 సాయంత్రం 6.30 అవుతుంది. అవతలి ప్రోగ్రామ్ తేదీ ఒక్కటే తీసుకుంటే ఒక రోజు తేడా వచ్చినట్టే.

పెద్ద సంఖ్యలదీ ఇదే కథ. జేసన్ నియమాల్లో సంఖ్యకు పరిమితి లేదు. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలను మాత్రం 9007199254740991 వరకే కచ్చితంగా పట్టుకోగలదు. జేసన్‌లో 9007199254740993 అని ఉంటే, చదివాక అది 9007199254740992 అవుతుంది. ట్వీట్ల ఐడీలను ట్విటర్ సంఖ్యగానే కాక స్ట్రింగ్‌గా కూడా పంపింది ఇందుకే.

కాబట్టి ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు, ఐడీలను స్ట్రింగ్‌గానే పంపాలి. వాటితో ఎవరూ కూడికలు చేయరు. పైగా, ముందు సున్నా ఉన్న సంఖ్యను జేసన్ అసలు ఒప్పుకోదు. గంట అవసరం లేని పుట్టినతేదీని కూడా '1990-08-15' అని స్ట్రింగ్‌గా పంపితే చాలు.