మెత్తని తూటాల తుపాకీ: ఒక ఆటవస్తువు పరిణామం, పెరటి పోరులో దాని యోగ్యత

గురి చూసి కొట్టడం పిల్లల ఆటల్లో అతి పాతవాటిలో ఒకటి. ఆటకూ ఆయుధానికీ మధ్య ఉండవలసిన ఎడం గురించి ఆలోచించడానికి శ్రీకాళహస్తి కంటే తగిన చోటు తెలుగునాట అరుదు. 16వ శతాబ్దంలో ధూర్జటి రచించిన ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’ బోయపిల్లవాడైన తిన్నడు తోడివారితో ఆడిన ఆటలను పేరుపేరునా చెబుతుంది. దాగుడుమూతలు, గుడుగుడు గుంచాలు వంటి ఆటలున్న ఆ వరుస తెలుగు పిల్లల ఆటల చరిత్రకు విలువైన ఆధారం. తిన్నడు విల్లు పట్టి వేటకు వెళ్ళేది పెద్దవాడయ్యాకనే కనుక, ఆ కావ్యంలో ఆట వేరు, వేట వేరు. ఆ రెండింటి మధ్య గీత చెరిగే చోటనే బొమ్మ తుపాకీ పుట్టింది. దాని పరిణామమంతా వేగాన్ని పెంచుకుంటూనే దెబ్బను మెత్తబరచడానికి జరిగిన ప్రయత్నమని చెప్పవచ్చు.

రాయలసీమ పల్లెల్లో ఈ వంశానికి మూలపురుషులు పొలం పనిముట్లే. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి తిప్పి వదిలే వడిసెల, మట్టి ఉండలను విసిరే ఉండేలు, పంగలకర్రకు సైకిలు ట్యూబు పట్టీలు కట్టి చేసుకునే రబ్బరు ఉండేలు ఈ కోవలోవి. వీటితో పిల్లలు ఆడుకున్నా, రాయి తగిలితే రక్తం వచ్చేది. వెదురు తుపాకీ ఇంతకంటే సాధువైనది. సన్నని వెదురు గొట్టంలో ఒక పచ్చికాయను చివరికంటా నెట్టి, వెనక మరొక కాయను దూర్చి పుల్లతో గట్టిగా తోస్తే, రెంటి నడుమ చిక్కిన గాలి ఒత్తుకుపోయి ముందరి కాయను టప్పుమని ఎగరగొడుతుంది. బస్తరులోని జగదల్‌పూర్‌లో గోంచా పండుగ నాడు ఇలాంటి వెదురు గొట్టాలనే ‘తుప్కీ’ అన్న పేరుతో నేటికీ పేలుస్తారు. ఈ సాధనాలన్నిటిలో బలం ఆడేవాడి చేతిదే. చెయ్యి అలిసిపోతే ఆటా నెమ్మదించేది, కాబట్టి చేతిబలమే ఆటకు సహజమైన హద్దుగా ఉండేది.

దీపావళికి వచ్చే రీలు తుపాకీ మరో దారి పట్టింది. పొటాషియం క్లోరేటు, ఎర్ర భాస్వరం కలిసిన చుక్కలను కాగితపు రీలు మీద అంటించి, సుత్తి దెబ్బతో పేల్చే ఆ తుపాకీ శబ్దాన్నీ వాసననూ ఇచ్చింది కాని, దేనినీ విసరలేదు. తిరుణాళ్ళలో బెలూన్లను కాల్చే అంగళ్ళలోని గాలితుపాకీ మాత్రం నిజంగానే విసిరేది. దానిలో బిగిసిన స్ప్రింగు ఒక పిస్టనును ముందుకు తోస్తే, పిస్టను గాలిని అదుముతుంది, ఆ గాలి గుండును నెడుతుంది. ఈ స్ప్రింగు, పిస్టనుల జంట ముందుముందు ఫోమ్ తుపాకీలకూ గుండెకాయ అయింది. గట్టి ప్లాస్టిక్ పూసలను పేల్చే చౌక తుపాకీలలోనూ ఉన్నది ఇదే ఏర్పాటు. కంటికి అంత దగ్గరలో అంత గట్టి పూసను పిల్లల చేతికివ్వడం ఈ చరిత్రలో స్పష్టంగా వెనకడుగు.

అసలు మలుపు విసిరే వస్తువును మార్చడంలో వచ్చింది. అమెరికాలో రెయిన్ గయ్యర్ రూపొందించగా, పార్కర్ బ్రదర్స్ 1970లో ‘నెర్ఫ్’ పేరుతో ఒక ఫోమ్ బంతిని, అంటే గాలి బుడగలు నిండిన మెత్తని స్పాంజివంటి పదార్థంతో చేసిన బంతిని, ఇంట్లోనే విసురుకోదగిన ఆటవస్తువుగా అమ్మకానికి పెట్టింది. 1991లో ఆ పేరు హాస్‌బ్రో సంస్థ చేతికి వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన షార్ప్‌షూటర్ తుపాకీతో, వేలెడు పొడవున్న ఫోమ్ గొట్టానికి మెత్తని మొన తొడిగిన ‘డార్ట్’, అనగా తూటా ఆకారపు చిన్న బాణం, ఆటలోకి దిగింది. స్ప్రింగును చేత్తో లాగి ఒక్కొక్క డార్టునే వదలవలసిన ఆ కాలంలో వెదురు తుపాకీ నాటి హద్దు, అంటే చేతిబలం, ఇంకా చెక్కుచెదరలేదు.

ఆ హద్దును మోటారు తీసివేసింది. 2008 నాటి నెర్ఫ్ తుపాకీ వల్కన్‌లోనూ, 2010 నాటి స్టాంపీడ్‌లోనూ, ఆరేసి లావు టార్చిలైటు సెల్లులతో నడిచే మోటారు, పళ్ళచక్రాల సాయంతో పిస్టనును వెనక్కి లాగి వదిలేది. అంటే పాత స్ప్రింగు పద్ధతే, లాగే చెయ్యి మాత్రం యంత్రానిది. 2011లో వచ్చిన బారికేడ్ స్ప్రింగునే వదిలివేసింది. అందులో ఎదురెదురు దిశల్లో వేగంగా తిరిగే రెండు చక్రాలు ఉంటాయి. వాటి నడుమ సందు డార్టు లావు కంటే కాస్త తక్కువ. మీట నొక్కగానే డార్టు ఆ సందులోకి దూరి, చెరకు గానుగ రోళ్ళ మధ్య గడలా అదుముకుపోయి, అవతలికి విసురుగా దూసుకుపోతుంది. చక్రాలు వేగం అందుకోవడానికి క్షణకాలం పట్టడం, ఆ లోపు పుట్టే రొద ఎదుటివారికి హెచ్చరిక కావడం ఈ పద్ధతి ప్రత్యేకతలు. 2013 నాటి ర్యాపిడ్‌స్ట్రైక్, మీట నొక్కి పట్టినంతసేపూ సెకనుకు మూడు డార్టుల చొప్పున వదలగలిగింది. 18 డార్టుల గూడు ఆ లెక్కన ఆరు సెకన్లలో ఖాళీ అవుతుంది.

ఇటువంటి తుపాకీ పెరటి పోరుకు ఎంతవరకు తగినదో తేల్చడానికి పెట్టె మీద రాసిన దూరం మంచి కొలత కాదు. 27 మీటర్ల వంటి అంకెలు గొట్టాన్ని పైకెత్తి వదిలినప్పటివి. డార్టు బరువు సుమారు ఒక గ్రాము, వేగం సెకనుకు 21 మీటర్లు అనుకుంటే, పిల్లవాడి భుజం ఎత్తున, అంటే నేలకు 1.2 మీటర్ల పైన, అడ్డంగా వదిలిన డార్టు అరసెకనులో నేలకు చేరుతుంది, గాలి నిరోధాన్ని కూడా లెక్కిస్తే పది మీటర్లు దాటదు. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉండే ఊళ్ళో పెరడైనా, మిద్దె అయినా అంతకు మించి చోటు ఇవ్వదు కనుక ఆ దూరం సరిపోతుంది. డార్టు మోసే శక్తి ఐదవ వంతు జౌలుకు కాస్త ఎక్కువ. ఒంటికి తగిలితే చురుక్కుమనడంతో సరి, కాని కన్ను వేరు. 2017లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యులు, ఇలాంటి డార్టులు తగిలి కంటి లోపల రక్తస్రావమైన ముగ్గురి ఉదంతాలను ప్రచురించి, రక్షణ అద్దాలు ధరించవలసిన అవసరాన్ని గుర్తుచేశారు. సెకనుకు మూడు డార్టులు వచ్చేటప్పుడు తల తిప్పుకునే వ్యవధి కూడా ఉండదు.

భారతదేశంలో ఈ వస్తువు చరిత్ర కొంత ప్రభుత్వ విధానాలతో ముడిపడింది. దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఎంఆర్ఎఫ్, హాస్‌బ్రో కలిసి 1987లో నెలకొల్పిన బొమ్మల సంస్థ ఫన్‌స్కూల్‌కు చిత్తూరు సరిహద్దు ఆవల రాణిపేటలోనే కర్మాగారం ఉంది. శ్రీకాళహస్తికి సమీపంలోని మాధవమాల కొయ్యబొమ్మలకు పేరుపొందిన ఊరు. బొమ్మల తయారీ అనుభవం ఇంత దగ్గరలో ఉండగా, గుర్తులేని తుపాకీని చౌక అని కొనడం సరికాదు. ముఖ్యంగా డార్టు మొన గట్టిదైతే ఫోమ్ తెచ్చిన మేలంతా పోతుంది.

మోటారు రకాలలో పెరటి పోరుకు తగినది, మీట నొక్కినప్పుడల్లా ఒక్క డార్టునే వదిలే చక్రాల తుపాకీ. చేతిబలం స్థానంలో వేలి కదలిక హద్దుగా నిలిచి ఆటకు లయ ఇస్తుంది, సెల్లులూ త్వరగా అయిపోవు. ఎడతెగక పేల్చేది చూడ్డానికి ఆకర్షణీయమే కాని, ఆడే సమయం కంటే ఎర్రమట్టిలోనూ మురుగుకాల్వలోనూ డార్టులు ఏరుకునే సమయమే ఎక్కువవుతుంది. మట్టి అంటిన డార్టును తుడవకుండా మళ్ళీ గూట్లో పెడితే చక్రాల నడుమ ఇరుక్కుంటుంది. పదేళ్ళ లోపు పిల్లలకు మాత్రం చేత్తో లాగే స్ప్రింగు తుపాకీయే మేలు. ఏ రకమైనా, తుపాకీతో పాటు ఆడేవారందరికీ కంటి అద్దాలు కూడా అదే రోజు కొనాలి.