ఆఖ్యాత వైభవము: స్పానిష్ క్రియారూపముల చరిత్రయు, వైదిక లేట్ లకారమును



శబ్దరాశిని నామ, ఆఖ్యాత, ఉపసర్గ, నిపాతములని చతుర్విధముగా విభజించిన యాస్కాచార్యులు, ఆఖ్యాతమునందు క్రియాభావమే ప్రధానమని నిరుక్తారంభమున నిర్ణయించిరి. ఒక ధాతువు ఏ కాలమును సూచించుచున్నదో, ఏ అభిప్రాయముతో ప్రయుక్తమైనదో తెలియనిచో వాక్యార్థము తెలియదు. జరిగిన దానిని చెప్పుట వేరు, జరుగవలెనని కోరుట వేరు. ఈ భేదము లౌకిక వాక్యమునకు ఎంత ముఖ్యమో, మంత్రమునకు అంతకంటె ముఖ్యము.

ఈ విషయమును స్పానిష్ భాషా చరిత్ర ద్వారా విచారింపదలచితిని. ఆస్తిక పాఠకులకు ఇది అప్రస్తుతమని తోచవచ్చును. కాని అమెరికాలో నివసించు తెలుగు కుటుంబముల పిల్లలు అనేకులు పాఠశాలలో స్పానిష్ అభ్యసించుచున్నారు. ఒకే ధాతువునకు పదుల కొలది రూపములను కంఠస్థము చేయుచు విసుగు చెందుచున్నారు. ఆ పట్టికలోనే మన వేదమంత్రమును గ్రహించుటకు ఒక మార్గము కలదని వారి తల్లిదండ్రులకు తెలియజేయుట ఈ వ్యాసము యొక్క ప్రయోజనము.

బంధుత్వము

1786లో కలకత్తా నగరమున సర్ విలియం జోన్స్ సంస్కృతమునకును, గ్రీకు, లాటిన్ భాషలకును గల సాదృశ్యము యాదృచ్ఛికము కాదని ప్రకటించెను. 1816లో ఫ్రాంజ్ బాప్ అను జర్మన్ పండితుడు సంస్కృత క్రియారూప పద్ధతిని గ్రీకు, లాటిన్, పారసీక, జర్మానిక భాషల పద్ధతులతో పోల్చి ఒక గ్రంథమును ప్రకటించెను. ఈ సోదరభాషల తులనాత్మక శాస్త్రము తిఙంత ప్రకరణముతోనే దృఢమైన పునాదిని పొందినదనుట మనకు సంతోషకరము.

లాటిన్ నుండి జనించిన స్పానిష్ భాషలో 'అమార్' అనగా ప్రేమించుట. దాని వర్తమాన రూపములు క్రమముగా ఇవి: ఆమొ, ఆమస్, ఆమ, అమామొస్, అమాయిస్, ఆమన్. మన వద ధాతువు రూపములు: వదామి, వదసి, వదతి, వదామః, వదథ, వదన్తి. మధ్యమపురుష ఏకవచనమున రెండింటను సకారము కలదు. ఉత్తమపురుష బహువచనమున 'మః' అనునది అచట 'మొస్' అయినది. 'అన్తి' అనునది లాటిన్‌లో 'అంత్' రూపమున నిలిచి, స్పానిష్‌లో తకారమును కోల్పోయి 'అన్' అయినది. ద్వివచనము మాత్రము లాటిన్ కాలమునకే లుప్తమైనది.

భవిష్యత్తు ఎట్లు జనించినది

క్రీ.పూ. 218లో రోమన్ సైన్యములు ఐబీరియా ద్వీపకల్పమున ప్రవేశించినవి. వారితో లాటిన్ భాష వచ్చినది. ఆ భాషలో 'అమాబిత్' అనగా ప్రేమించగలడు, 'అమావిత్' అనగా ప్రేమించెను. జనుల ఉచ్చారణలో బకార వకారముల భేదము క్రమముగా నశించినది. భూతమును భవిష్యత్తును ఒకే ధ్వనిగా వినబడసాగినవి. పాత భవిష్యద్రూపము వ్యవహారము నుండి తొలగుటకు ఇది ఒక ముఖ్య కారణము.

దాని స్థానమున జనులు 'అమారె హాబెయొ' అనసాగిరి. 'ప్రేమించుట నాకు కలదు', అనగా 'ప్రేమింపవలసి యున్నది' అని దాని అర్థము. కర్తవ్యమును చెప్పు పదబంధము కాలక్రమమున భవిష్యత్తును చెప్పునదైనది. రెండు పదములును కలిసి 'అమరే' అను ఏకపదమైనవి. అదే రీతిని సహాయకక్రియ యొక్క భూతరూపముతో 'అమరీయ', అనగా 'ప్రేమించి యుందును' అను రూపము జనించినది. మధ్యయుగ స్పానిష్‌లో ఈ రెండు భాగముల నడుమ సర్వనామమును చొప్పించుట కలదు. అతుకు అప్పటికింకను స్పష్టముగా కనబడుచుండెనన్నమాట.

ఈ కలయికకు అతి ప్రాచీన సాక్ష్యము స్పెయిన్‌లో కాక గాల్ దేశమున, ఫ్రెడెగార్ పేరిట ప్రసిద్ధమైన 7వ శతాబ్దపు లాటిన్ వృత్తాంత గ్రంథమున కనబడుచున్నది. అందు 'దారాస్' అను రూపము కలదు. 'ఇచ్చెదవు' అని అర్థము. నేటి స్పానిష్‌లోను అది 'దరాస్' రూపమున జీవించియున్నది.

ఇపుడు మన లుట్ లకారమును స్మరింపుడు. దా ధాతువునకు లుట్ మధ్యమపురుష ఏకవచనము 'దాతాసి'. 'దాతా' అను కర్తృవాచకమునకు 'అసి' చేరి ఏకపదమైనట్లు దాని స్వరూపమే తెలుపుచున్నది. 'నీవు దాతవు' అనునది 'నీవు ఇచ్చెదవు' అయినది. 'దాతాసి', 'దరాస్' రెండును ఒకే మూలధాతువు నుండి, సహాయకక్రియతో కూడి, పరస్పర సంబంధము లేకుండ వేర్వేరు దేశములలో రూపొందినవి. తెలుగువారికి ఇది క్రొత్త కాదు. 'వచ్చుచు నున్నాను' అనునదే నేడు 'వస్తున్నాను' అయినది గదా!

1492వ సంవత్సరము

ఆ సంవత్సరము జనవరిలో గ్రెనడా పతనముతో ఐబీరియాలో ముస్లిం రాజ్యపాలన అంతరించినది. ఆగస్టు 3న కొలంబస్ నౌకాయానము ఆరంభించెను. అదే ఆగస్టు 18న సలమాంకా నగరమున ఆంటోనియో దె నెబ్రిహా రచించిన కాస్తీల్య భాషా వ్యాకరణము ముద్రితమైనది. దానిని అతడు ఇసబెల్ రాణికి అంకితము చేసెను. పైన చెప్పిన భవిష్యద్రూపములు తుమర్థక క్రియకు సహాయకక్రియ చేరుటచే ఏర్పడినవని అతడు అందు గుర్తించెను.

భాష రాజ్యముతోపాటు వృద్ధి క్షయములను పొందుననియు, దానికి నియమబద్ధత కల్పించిన స్థిరముగా నిలుచుననియు అతని పీఠికాభిప్రాయము. పతంజలి మహర్షి మహాభాష్యారంభమున వ్యాకరణ ప్రయోజనములను చెప్పుచు ప్రథమముగా పేర్కొన్నది వేదరక్షణము. భాషను నిలుపుటయే ఇరువురి ఆశయము. ఒకరి దృష్టి సామ్రాజ్యముపై నిలిచినది, మరొకరి దృష్టి మంత్రముపై నిలిచినది.

అరబ్బుల రాజ్యము అంతరించినను వారి భాష నుండి వచ్చిన ఒక ప్రార్థనాపదము స్పానిష్‌లో నిలిచినది. 'ఒహలా' అను ఆ పదమునకు మూలము 'దైవము సంకల్పించినచో' అను అర్థము గల అరబ్బీ పదబంధము. 'వర్షము కురియుగాక', 'బిడ్డ కోలుకొనుగాక' అనదలచినపుడు ఆ పదము ప్రయోగింతురు. దాని తరువాత క్రియ నిశ్చయార్థకమున రాదు, సంభావనార్థకముననే వచ్చును. దైవము చేతిలోనున్న దానిని జరిగిన సంగతివలె చెప్పుటకు ఆ భాష అంగీకరింపదు.

మూడు అర్థములు

స్పానిష్ వైయాకరణులు క్రియారూపములను వక్త మనోభావమును బట్టి నిశ్చయార్థకము, సంభావనార్థకము, ఆజ్ఞార్థకము అని విభజింతురు. నిశ్చయార్థకమున 10 కాలరూప శ్రేణులు, సంభావనార్థకమున 6 కలవు. 1847లో చిలీ దేశమునందలి సాంతియాగో నగరమున వ్యాకరణమును ప్రకటించిన ఆంద్రేస్ బెల్యొ, ఈ కాలములకు పూర్వభావము, సహభావము, పరభావము అను మూడు సంబంధములను బట్టి నామకరణము చేసెను. మన లకారములును పది. కాని సంఖ్యాసామ్యమును చూచి ఒక్కొక్క దానికి ఒక్కొక్కటి సరిపోవునని భ్రమపడరాదు.

సంభావనార్థకము యొక్క సూక్ష్మతను సాధకులకు హృదయంగమమగు ఒక ఉదాహరణముతో చెప్పెదను. 'సంస్కృతము తెలిసిన గురువు కొరకు వెదకుచున్నాను' అని తెలుగున ఒకే విధముగా అందుము. స్పానిష్‌లో రెండు విధములు. 'తెలియుట' అను క్రియను 'సాబె' అని నిశ్చయార్థకమున ప్రయోగించినచో, అట్టి గురువు ఒకరు కలరు, వారి కొరకే వెదకుచున్నాను అని అర్థము. 'సేప' అని సంభావనార్థకమున ప్రయోగించినచో, అట్టివారు ఉన్నారో లేరో తెలియదు, ఉన్నచో వారి కొరకు వెదకుచున్నాను అని అర్థము. వెదకువాని హృదయస్థితి యంతయు ఒక్క క్రియారూపపు మార్పులో ఇమిడియున్నది.

లుప్తమైన రూపములు

సంభావనార్థకమున 'అమారె' అను భవిష్యద్రూపము ఒకటి కలదు. పూర్వము విరివిగా వాడుకలోనున్న ఈ రూపము నేటి సంభాషణ నుండి దాదాపు తొలగిపోయినది. ఏ దేశమునకు వెళ్ళిన ఆ దేశాచారము పాటింపుమను అర్థము గల ఒక సామెతలోను, న్యాయశాసనములలోను మాత్రము మిగిలియున్నది. స్పెయిన్ దేశపు 1995 నాటి శిక్షాస్మృతి 138వ అధికరణము నరహత్య చేసినవానికి శిక్షను విధించుచు, 'చంపినచో' అను అర్థమున 'మతారె' అను ఆ ప్రాచీన రూపమునే ప్రయోగించినది. వాడుక విడిచిన దానిని శాసనము కాపాడినది.

మనకును ఇట్టి రూపము కలదు. అదియే లేట్ లకారము. లౌకిక సంస్కృతమున అది లేదు. కాళిదాసాది మహాకవుల కావ్యములలో దానిని వెదకుట వ్యర్థము. పాణిని మహర్షి తృతీయాధ్యాయ చతుర్థపాదమున, ఛందస్సునందు లిఙర్థమున లేట్ వచ్చునని విధించి, దానికి అట్, ఆట్ అను ఆగమములను చెప్పెను. విధి, ప్రార్థన, సంభావన మొదలగునవి దాని అర్థములు.

ఈ లకారము తమకు తెలియదని తలచు పాఠకులు ఒక్క క్షణము ఆగవలెను. విశ్వామిత్ర దృష్టమైన గాయత్రీ మంత్రము యొక్క చివరి పదము 'ప్రచోదయాత్' లేట్ రూపమే. లౌకిక సంస్కృతమున విధిలిఙ్ అయినచో 'ప్రచోదయేత్' అగును. లట్ అయినచో 'ప్రచోదయతి' అగును. ఋషి 'ప్రేరేపించుచున్నాడు' అని వార్త చెప్పలేదు, 'ప్రేరేపించుగాక' అని ప్రార్థించెను. ఆ ఒక్క ఆకారమును గుర్తింపక జపించువానికి మంత్రము సూర్యవర్ణనముగా మిగులును. గుర్తించినవానికి అది తన బుద్ధిని సమర్పించుకొను ప్రార్థన యగును.

అసి, ఎరెస్

చివరగా ఒక చిన్న పదమును పరిశీలింతము. ఛాందోగ్యోపనిషన్మహావాక్యమునందలి 'అసి' పదమునకు స్పానిష్‌లో సమానార్థకము 'ఎరెస్', అనగా 'నీవు అయియున్నావు'. లాటిన్‌లో ఈ అర్థమున 'ఎస్' అనియు, ప్రథమపురుషమున 'ఎస్త్' అనియు రూపములు. స్పానిష్‌లో రెండవది కూడ 'ఎస్' గా మారుటచే నీవు, అతడు అను భేదము నశింపవచ్చెను. అందుచే 'నీవు కాగలవు' అను అర్థము గల 'ఎరిస్' అను భవిష్యద్రూపమును మధ్యమపురుషమునకు గ్రహించిరని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ 'ఎరిస్' భవిష్యత్తుగా మారుటకు పూర్వము సంభావనార్థక రూపము. అచ్చుల నడుమ సకారము లాటిన్‌లో రేఫమగును గనుక దాని మూలము మన వైదిక లేట్ రూపమైన 'అససి'కి సోదరము.

'నీవు అగుదువుగాక' అనునది 'నీవు కాగలవు' అయి, తుదకు 'నీవు అయియున్నావు' అయినది. ఇది ధ్వనిపరిణామ చరిత్ర మాత్రమే, వేదాంత ప్రమాణము కాదు. అయినను ప్రార్థన సిద్ధిగా పరిణమించు ఈ క్రమము సాధకునికి మననయోగ్యము.

కర్తవ్యము

అచట శాసనము ఒక రూపమును కాపాడినది. ఇచట అధ్యయన పరంపర కాపాడినది. పద, క్రమ, జటా, ఘన పాఠములను కంఠస్థము చేసిన వేదపండితుల వలన లేట్ లకారము స్వరముతో సహా మనకు లభించినది. కాని రూపము నిలిచినంత మాత్రమున అర్థము నిలువదు. నేటి సంస్కృత బోధనలో సాధారణముగా లట్, లోట్, లఙ్, విధిలిఙ్, లృట్ అను ఐదింటితో ముగింతురు. లౌకిక గ్రంథపఠనమునకు అవి చాలవచ్చును, సంధ్యావందనమునకు చాలవు. ఉపనయనమైన వటువునకు గాయత్రిని ఉపదేశించు గురువులు, తండ్రులు ఆ ఒక్క పదము యొక్క లకారమునైనను వివరింపవలెనని నా విన్నపము.

విదేశములలోని బాలబాలికలు స్పానిష్ సంభావనార్థకమును వల్లించుచు 'ఇది ఎందులకు?' అని ప్రశ్నించినపుడు, తల్లిదండ్రులు 'ప్రచోదయాత్' అను పదమును చూపుడు. నిశ్చయముగా చెప్పదగినదానిని నిశ్చయముగను, కోరదగినదానిని కోరికగను చెప్పుట సత్యనిష్ఠలో భాగమని వారికి బోధపడును. మనము ఆశీర్వదించునపుడు పలుకు 'భూయాత్' పదమును ఆశీర్లిఙ్ రూపమే. దాని అర్థమును ఎరిగి పలికెదము గాక.

శుభం భూయాత్.