మంద కుక్కకు పెట్టే ముద్ద

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కుక్కను సాకడం మొదట గొర్ల మందతో ముడిపడిన పని. గోదావరికి దక్షిణాన కరీంనగర్ వైపు రాతి గుట్టలు, తుమ్మ పొదలు, చెరువు శిఖాలు ఉన్నాయి. ఉత్తరాన ఆదిలాబాద్ వైపు టేకు అడవులు, నల్లరేగడి చేన్లు ఉన్నాయి. వానాకాలం పంట నేల మీద ఉన్నన్నాళ్లు కురుమలు, గొల్లలు మందలను గుట్టల మీదికీ అడవి అంచులకూ తోలుకుపోయేవారు. కోతలయ్యాక కొయ్యకాలు మేపుతూ మళ్లీ చేన్లకు దిగేవారు. ఏడాదిలో చాలా నెలలు కాపరి పడక ఇంట్లో ఉండదు, మంద పక్కనే ఉంటుంది. గొంగడి కప్పుకొని ఆరుబయట పడుకున్న మనిషి ఎంత మెలకువగా ఉన్నా చీకట్లో తోడేలు అడుగు చప్పుడు వినలేడు. ఆ పని కుక్కది.

మంద కుక్క చేసే పని గురించి ఒక అపోహ ఉంది. హిమాలయాల్లో గద్దీ కాపరులు పెంచే భారీ కుక్కలు చిరుతనైనా ఎదిరించి నిలబడతాయని పేరు. దక్కన్ మందల వెంట తిరిగేవి అలాంటివి కావు. ఇవి ఊళ్లో పుట్టిన నాటు కుక్కలు. బరువు పదిహేను, ఇరవై కిలోలు. కాళ్లు పొడుగు, బొచ్చు పొట్టి. ఇలాంటి కుక్క ఒంటరిగా తోడేలును చంపలేదు. దాని బలమంతా చెవిలో, ముక్కులో, గొంతులో ఉంటుంది. మంద చుట్టూ పడుకున్న రెండు మూడు కుక్కలు ఒక్కసారి మొరిగితే కాపరి లేస్తాడు, కట్టె అందుకుంటాడు, కేక వేస్తాడు. తోడేలు మనిషిని చూసి తప్పుకుంటుంది. కాపలా కాసేది కుక్కా మనిషీ కలిసే. ఆ ఇద్దరిలో ఎవరు లేకపోయినా మందకు దిక్కు లేదు.

ఈ పనికి అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. ఇరవై కిలోల బరువుండి రోజంతా మంద వెంట తిరిగే కుక్కకు కడుపు నిండాలంటే రోజుకు మూడు వందల యాభై గ్రాముల దాకా జొన్నలు కావాలి. ఏడాదికి అది క్వింటాలు దాటుతుంది. జొన్న గట్కనో మక్క గట్కనో వండి, తాము తినేదాంట్లోంచి ఒక ముద్ద తీసి కుక్కకు పెట్టడం కాపరి ఇళ్లలో ఆనవాయితీ. కరువు వచ్చిన ఏడు మనుషులు అంబలితో సరిపెట్టుకున్నప్పుడు ఆ ముద్ద కూడా చిన్నదయ్యేది. అయితే మంద కుక్కకు వేరే తిండి కూడా దొరికేది. గొర్లు ఈనినప్పుడు పడే మాయ, చచ్చిన పిల్లలు, కోసిన గొర్రె పేగులు దాని వంతే. ఇంటి గింజల మీద భారం కొంత తగ్గేది.

రాబడి వైపు చూస్తే లెక్క తేలిపోతుంది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టినప్పుడు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిసిన యూనిట్‌కు లక్షా ఇరవై ఐదు వేల రూపాయలు ఖర్చు కట్టింది. అంటే జీవం ఒక్కింటికి దాదాపు ఆరు వేలు. అదే ఏడాది హైబ్రిడ్ జొన్నలకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,700 రూపాయలు. ఆ ధర చొప్పున ఒక కుక్క ఏడాది తిండి రెండు వేల చిల్లర. ఏడాదికి ఒక్క గొర్రెను తోడేలు నోట పడకుండా కాపాడినా, ఆ కుక్క దాదాపు మూడేళ్ల తిండి సంపాదించుకున్నట్టే. కాపరులకు ఈ లెక్క కాగితం మీద వేసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. కుక్క లేని మందలో తెల్లారి తలలు లెక్కపెట్టుకుంటే విషయం తెలిసేది.

ఇంకో రాబడి చేన్ల వైపు నుంచి వచ్చేది. కోతలయ్యాక రైతులు తమ చేన్లో మంద పెట్టించుకుంటారు. రాత్రంతా గొర్లు వేసే పెంట, పోసే మూత్రం నేలకు ఎరువు. అందుకు బదులుగా కాపరికి గింజలు కొలిచేవారు. కుక్క ముద్ద కూడా ఆ గింజల్లోదే. ఊరికి దూరంగా, కంచె లేని బయలు చేన్లో రాత్రిళ్లు మంద నిలపాలంటే కుక్క తప్పనిసరి. ఆ లెక్కన కరీంనగర్ మెట్ట చేన్ల ఎరువులో కుక్క కష్టం కూడా కలిసి ఉంది. వ్యవసాయ చరిత్ర రాసినవారు ఎడ్లను తలచుకున్నంతగా దీన్ని తలచుకోలేదు.

కుక్క విలువను పాతకాలం వాళ్లు రాతి మీద కూడా చెక్కించారు. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో శక సంవత్సరం 872 నాటి, అంటే క్రీ.శ. 949-50 నాటి శాసనం ఒకటి దొరికింది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని సామంతుడు, గంగరాజు బూతుగుడు యుద్ధంలో తన సేవకుడు మణలేరుడు చూపిన పరాక్రమానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమన్నాడు. మణలేరుడు కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. ఒక అడవిపందితో పోరాడి కాళి దాన్ని చంపింది, తానూ చచ్చిపోయింది. దాని పేర రాయి నిలిపి, నిత్యపూజకు భూమి ఇచ్చారు. ఆ రాయికి పూజ చేయకుండా భోజనం చేసే గొరవకు పాపం తగులుతుందని శాసనం హెచ్చరించింది. సరిగ్గా అదే కాలంలో, అదే మూడవ కృష్ణుని ఏలుబడిలో, వేములవాడ చాళుక్యులు కరీంనగర్ సీమను పాలిస్తున్నారు. గంగాధర దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు కురిక్యాల శాసనాన్ని వేయించింది కూడా ఆ రోజుల్లోనే. రెండు చోట్లా ఒకే సామ్రాజ్యం, ఒకే రకం మెట్ట నేల, మందల మీద బతికే జనం.

శాసనంలో పేర్కొన్న గొరవలు శైవ పూజారులు. తర్వాతి శతాబ్దాల్లో ఆ పేరు మైలారుదేవుని భక్తులకు స్థిరపడింది. కన్నడ సీమలో మైలారుడు, మహారాష్ట్రలో ఖండోబా, తెలంగాణలో మల్లన్న. ఈ ముగ్గురి కథలూ దగ్గరి చుట్టాలు. ఖండోబాకు ఒక భార్య వర్తక కులానికి చెందిన మ్హాళసా, మరొకరు ధనగరుల ఆడపడుచు బాణాయి. కొమురవెల్లి మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఖండోబా పటాల్లో ఆయన గుర్రం పక్కన కుక్క ఉంటుంది. ఆయన భక్తుల్లో వాఘ్యాలనేవారు కుక్కలా మొరగడం, నేల మీద పెట్టిన గిన్నెలోంచి తినడం మొక్కుగా తీర్చేవారు. దేవుని వాకిట్లో తాము కుక్కలమని చెప్పుకోవడం వాళ్లకు అవమానం కాలేదు. మంద కాచే జనానికి కుక్క నమ్మకానికి గుర్తు కాబట్టి దేవుని ముందు తమకు తాము పెట్టుకున్న పోలిక కూడా అదే అయింది. పెద్దపల్లి జిల్లా ఓదెలలో మల్లన్న గుడి ఉంది. ఒగ్గు కళాకారులు డోలు, తాళాలతో మల్లన్న కథ, కురుమల దేవుడు బీరప్ప కథ ఈ ప్రాంతమంతా ఊరూరా చెప్పారు. ఆదిలాబాద్ పడమటి అంచున మరాఠీ మాట్లాడే పల్లెలు కలిసి ఉండటం వల్ల ఖండోబా కొలువు అటువైపు నుంచి కూడా తెలిసిందే. 1956లో కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లేదాకా అవి ఈ జిల్లాలోనివే.

గోదావరి దాటి అడవి వైపు వెళితే కుక్క పని మారుతుంది. రాజ్‌గోండులు నాగలి పట్టిన రైతులు. 1940ల్లో మార్లవాయిలో ఉండి వారి జీవితాన్ని రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గ్రంథంలోనూ వారు ముందు రైతులుగానే కనిపిస్తారు. జొన్న పాలు పోసుకునే వేళకు అడవిపందులు, ఎలుగులు చేన్ల మీద పడతాయి. మంచె మీద కావలి కాసే మనిషికి కింద ఒక కుక్క ఉంటే ఏ మూల నుంచి పంది దిగిందో తెలుస్తుంది. నాయక్‌పోడులు, కోలాములు, గోండులు కుక్కలతో చిన్న వేట కూడా ఆడేవారు. కుందేలును తరమడానికీ, బొరియలో దాగిన ఉడుమును పసిగట్టడానికీ కుక్కను మించినది లేదు. నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వు చేస్తూ పోయిన కొద్దీ మేతా, పోడూ, వేటా అన్నీ నేరాలయ్యాయి. ఆ ఒత్తిడిలోంచే 1940లో జోడేఘాట్ పోరాటం, గోండు నాయకుడు కుమ్రం భీము మరణం జరిగాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును మొదటి షెడ్యూలులో చేర్చడంతో కుక్కతో ఉడుము వేట పూర్తిగా శిక్షార్హమైంది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమయ్యాక అడవిలోకి కుక్క వెళ్లడమే ఇబ్బందిగా మారింది. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు పులి, సింహం వంటి పెద్ద పిల్లి జాతి జంతువులకూ సోకుతుంది. 2018లో గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు ఆ వైరస్ బయటపడింది. అభయారణ్యాల చుట్టుపక్కల ఊళ్ల కుక్కలకు టీకాలు వేయించడం అందుకే ముఖ్యం.

గడీల దొరలు కుక్కలను పెంచడం వేరే కథ. అక్కడ కుక్క వేట వినోదానికి, హోదాకు. పొదలు కొట్టి జంతువులను లేపే పని ఊరి వెట్టి మనుషులది. వెట్టిని రద్దు చేస్తూ నిజాం 1923లో ఫర్మానా ఇచ్చినా పల్లెల్లో అది దశాబ్దాల పాటు సాగింది. కురుమ ఇంట్లో కుక్క ముద్ద ఇంటివాళ్ల ముద్దలోంచి వచ్చేది. గడీ కుక్క తిండి మాత్రం ఊరందరి కష్టంలోంచి వచ్చేది. రెండింటినీ ఒకే అలవాటుగా చూడటం తప్పు.

కుక్కను సాకడంలో గింజల కంటే పెద్ద ఖర్చు జబ్బులు. అందులో మొదటిది గొర్రెకే తగులుతుంది. కుక్క పేగుల్లో ఉండే ఒకరకం బద్దె పురుగు గుడ్లు పెంటతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో నీటి బుడగ పెరుగుతుంది. గొర్రె ఒకే వైపు గిరగిరా తిరిగి, మేత మాని, చివరికి చచ్చిపోతుంది. ఆ తలను పచ్చిగా కుక్కకు వేస్తే పురుగు మళ్లీ కుక్కలోకి చేరుతుంది. మందను తోడేలు నుంచి కాపాడే కుక్కే మందకు ఈ రోగాన్ని మోస్తుందన్నది ఈ పెంపకంలో చేదు నిజం. తలను కాల్చేయడం లేదా పాతిపెట్టడం, కుక్కకు క్రమంగా పురుగుల మందు వేయడం తప్ప దీనికి వేరే దారి లేదు.

రెండోది రేబిస్. పాశ్చర్ 1885లో టీకా ఇచ్చాక మన దేశంలో కసౌలిలో 1900లో, కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన టీకానే దాదాపు శతాబ్దం పాటు దేశమంతా వాడారు. వైరస్ ఎక్కించిన గొర్రెల మెదడు కణజాలం నుంచి దాన్ని తీసేవారు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని పల్లెల్లో భయంగా చెప్పుకున్నది ఈ టీకా గురించే. కుక్క కాటుకు మందు గొర్రె నుంచే వస్తుందని ఈ ప్రాంత కాపరులు ఊహించి ఉండరు. 2000ల మధ్యలో దేశం ఆ టీకాను మానేసి కణ వర్ధనంతో చేసిన కొత్త టీకాలకు మారింది. ప్రపంచంలో ఏటా దాదాపు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారనీ, అందులో మూడో వంతుకు పైగా భారత్‌లోనేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాటు వేసిన కుక్క పెంపుడుదైనా సబ్బు నీళ్లతో గాయాన్ని పావుగంట కడిగి వెంటనే టీకాకు వెళ్లడం ప్రాణానికి సంబంధించిన విషయం.

మంద కుక్క ప్రాధాన్యం తగ్గడం గత అరవై ఏళ్లలో జరిగింది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ కరీంనగర్‌కు నీళ్లు తెచ్చింది. రెండు పంటలు పండే నేలల్లో కొయ్యకాలు మేపే నెలలు కరిగిపోయాయి. గుట్టలు గ్రానైట్ క్వారీలయ్యాయి. మిల్లు దుప్పట్లు వచ్చి గొంగడికి గిరాకీ పడిపోవడంతో నల్ల ఉన్ని దక్కని గొర్రె స్థానంలో మాంసం ఎక్కువిచ్చే నెల్లూరు గొర్రె వచ్చింది. పొదలు పోవడంతో తోడేళ్లు అరుదయ్యాయి. అయినా మందలు పోలేదు. 2019 పశుగణన ప్రకారం కోటీ తొంభై లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఇప్పుడు మందకు తోడేలు కంటే దొంగల భయం ఎక్కువ. ఆటోలో ఎత్తుకుపోయే మనిషిని చూసి కూడా కుక్క మొరుగుతుంది. యజమాని లేని ఊరకుక్కలు గుంపుగా మంద మీద పడి పిల్లలను చంపడం ఇంకో బెడద. ఆ గుంపును మందకు దూరంగా ఉంచేది కూడా పెంపుడు కుక్కే.

కుక్క కావలి ఇప్పుడు ఎక్కువగా ఇంటి గడపకు మారింది. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల నుంచి మగవాళ్లు గల్ఫ్‌కు పోవడం 1970ల నుంచి పెరిగింది. ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు మాత్రమే ఉన్న ఇళ్లకు రాత్రి కుక్క అరుపు ధైర్యం. పట్నాల్లో లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు వచ్చాయి. వాటి తిండి, టీకాలు, వైద్యం గట్క ముద్దతో తీరే ఖర్చు కాదు. కోరుట్లలో 2008లో వెటర్నరీ కాలేజీ రావడంతో చికిత్సకు ఈ ప్రాంతంలోనే ఒక చోటు ఏర్పడింది. నాటు కుక్క మాత్రం ఇప్పటికీ కొనకుండానే దొరుకుతుంది, ఈ ఎండలను తట్టుకుంటుంది, ఇంట్లో వండిందే తింటుంది. ఏడాదికోసారి రేబిస్ టీకా, మూడు నెలలకోసారి పురుగుల మందు వేయిస్తే మందకైనా ఇంటికైనా దానితో వచ్చే ముప్పు చాలావరకు తగ్గుతుంది.