హార్లెం ఆసుపత్రి గోడలు

న్యూయార్కు నగరమున లెనాక్సు అవెన్యూ వెంట ఉత్తరదిశగా నడచుచు 135వ వీధి కూడలిని చేరిన బాటసారికి, పలు అంతస్తుల యెత్తున నిలిచిన యొక గాజుగోడయు, ఆ గోడనిండ నల్లజాతి స్త్రీపురుషుల బృహద్రూపములును గోచరించును. చిత్రశాల యని భ్రమించి లోనికి పోయినవాడు రోగుల వరుసలో నిలువవలసినదే. అది హార్లెం ఆసుపత్రి. వెర్టిస్ హేస్ అను చిత్రకారుడు 1937లో అచ్చటి నర్సుల వసతిగృహమున చిత్రించిన ‘సుఖాన్వేషణము’ అను ఎనిమిది పలకల మాలికనుండి ఆ రూపములను పెద్దవిగా జేసి, 2012లో ఈ నూతన భవనపు గాజుపైకి దింపిరి. నేడు వీధికంతకు కన్నులపండువుగా నున్న ఇట్టి బొమ్మలు లోపలి గోడలపై నుండుటకే ఒకనాడు పెద్ద పోరాటము జరుగవలసివచ్చెను.

ఆర్థికమాంద్యము దేశమును క్రుంగదీసిన ఆ దినములలో, పనిలేని కళాకారులకు సైతము పని కల్పింపవలెనను సంకల్పముతో అమెరికా ప్రభుత్వము 1935లో చిత్రకళా పథకమును నెలకొల్పి, కూలివానికి వారపు కూలి ఇచ్చినట్లే చిత్రకారునికిని ఇచ్చి, బడులు, ఆసుపత్రులు మున్నగువాని గోడలను వారికప్పగించెను. హార్లెం ఆసుపత్రి పనికి పర్యవేక్షకుడుగా నియుక్తుడైన చార్లెస్ ఆల్స్టన్ నల్లజాతివాడు; ఆ పథకమున అట్టి పదవి నందిన నల్లవారిలో ప్రథముడు. 141వ వీధిలోని అతని చిత్రశాల, హార్లెం పేటలోని చిత్రకారులకును కవులకును రచ్చబండవంటిది.

1936లో నమూనాలు సిద్ధమయ్యెను, పథకాధికారులు సమ్మతించిరి. ఆసుపత్రి సూపరింటెండెంటు మాత్రము వానిలో నాలుగింటిని త్రోసిపుచ్చెను. బొమ్మలలో నల్లవారు మితిమీరి యున్నారట. ఇది నల్లవారి ఆసుపత్రి కాదట. ఇరువదియైదేండ్ల తరువాత హార్లెం నల్లవారి పేటగా నుండకపోవచ్చునట! పడకలపై ఎవరు పరుండియున్నారో ఒక్కమారు వార్డులో తిరిగి చూచిన చాలునుగదా, ఈ భవిష్యద్వాణి యేల యని అడుగబుద్ధి పుట్టును. చిత్రలేఖనమున లోపమున్నదని యెవ్వరు ననలేదు. లోపమంతయు ముఖముల వర్ణమునందే. హార్లెం కళాకారుల సంఘము పత్రికలకును అధికారులకును లేఖలు వ్రాసి, ఇతర సంఘములను గూడగట్టి, తుదకు ఆ నిషేధమును తొలగింపజేసెను. ఇరువది యేండ్ల ప్రాయము దాటీదాటని జార్జెట్ సీబ్రూక్, కిటికీయొద్ద ముచ్చటలాడుకొను స్త్రీలను, నృత్యగానములను, అనగా పేటవారి సాయంకాలమును, నర్సుల విశ్రాంతిమందిరపు గోడపై చిత్రింపబూనగా, కొందరు తెల్లవారినిగూడ చేర్పుమని ఒత్తిడి వచ్చెను, ఆమె చేర్చెను.

ఆల్స్టన్ స్వయముగా చిత్రించిన జంటపటములు గోడ నెక్కుటకు 1940వ సంవత్సరము రావలసివచ్చెను. ఎడమవైపున ‘వైద్యమునందలి మంత్రము’: ఆఫ్రికా పల్లె, మద్దెలలు, నర్తకులు, నడుమ ఫాంగు తెగవారి దారుప్రతిమ. కుడివైపున ‘ఆధునిక వైద్యము’: సూక్ష్మదర్శిని, శస్త్రచికిత్స, కలిసి పనిచేయు నలుపు తెలుపు వైద్యులు. ప్రతిమ యున్నచోటికి సరిగా సూక్ష్మదర్శినిని నిలుపుటలో, మంత్రమును మూఢతయని చిన్నబుచ్చక దానిని వైద్యమునకు పూర్వజన్మగా మన్నించిన చమత్కారము కలదని నా కనిపించును. మన నాటువైద్యుల పట్ల మనకట్టి మన్నన ఏపాటి? రెండవ పటమున శిశువు నెత్తుకొన్న నర్సురూపమునకు నమూనాగా నిలిచినది నిజమునకు నర్సు కాదు, ఆ ఆసుపత్రిలోనే పనిచేయుచుండిన యువవైద్యురాలు మైరా లోగన్. తరువాత ఆమె ఆల్స్టన్‌ను వివాహమాడెను.

తెలుగువాడు ఈ పటము ముందు మరికొంతసేపు నిలువదగును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధ్యక్షత వహించిన లెడర్లీ సంస్థలో, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను ఔషధమును వెలికిదీసెను. దానిని మనుష్యులపై తొలుత ప్రయోగించినది హార్లెం ఆసుపత్రిలోనే. అచ్చట 1919లో ఉద్యోగమున చేరిన ప్రథమ నల్లజాతి వైద్యుడు లూయీ రైట్ ఆ ప్రయోగము చేసిన బృందమునకు నాయకుడు. 1948లో వెలువడిన వారి పరిశోధనపత్రమున మైరా లోగన్ పేరును కలదు. సుబ్బారావుగారు ఆ సంవత్సరము ఆగస్టులోనే కన్నుమూసిరి.

ఇంతటి పోరాటముతో గోడ నెక్కిన జంటపటములను మూతలేని ఆవిరిగొట్టముల మీదుగా వ్రేలాడగట్టిరి. ఏటేట శీతకాలపు వేడియావిరికి రంగులు పెచ్చులూడసాగెను. బాగుచేయుటకు 1500 డాలర్లు చాలునని ఆల్స్టన్ 1959లో నగరాధికారులకు వ్రాసెను. ఆ సొమ్ము రాలేదు. 1977లో ఆయన మరణించిన పిదప జరిగిన మరమ్మతులకు కుటుంబమువారును కొంత ధనసహాయము చేసిరి. 2005లో, ఆ పటములతోపాటు తక్కిన చిత్రముల సంరక్షణమునకు ఆసుపత్రి ప్రకటించిన వ్యయము ఇరువది లక్షల డాలర్లు.