‘మంజూరు’ అంటే ‘జమ’ కాదు.. కళాశాల ఫీజు సాయంలో పదాలకు అర్థాలివీ

కౌన్సెలింగ్‌లో ఇంజినీరింగ్ సీటు దక్కిందన్న సంబరం చాలా ఇళ్లలో ఎక్కువ కాలం నిలవడం లేదు. సీటు కేటాయింపు పత్రంలో చెల్లించాల్సిన ఫీజు ఎదుట సున్నా కనిపిస్తే చదువంతా ఉచితమేనని తల్లిదండ్రులు భావిస్తున్నారు. చివరి ఏడాది ముగిసి ధ్రువపత్రాలకు వెళ్లినప్పుడు బకాయి కట్టమంటే దిక్కుతోచక నిలబడుతున్నారు. ఆ సున్నాకు అర్థం ఫీజు లేదని కాదు, ప్రభుత్వం తరువాత చెల్లిస్తుందని. ఈ తేడా ప్రవేశాల సమయంలోనే తెలియడం అవసరం.

ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్

బోధన రుసుము తిరిగి చెల్లింపును ఆర్టీఎఫ్ అంటారు. వాడుకలో ఇదే ఫీజు రీయింబర్స్‌మెంట్. ఉమ్మడి రాష్ట్రంలో ఇది బీసీ, ఈబీసీ విద్యార్థులకూ విస్తృతంగా అందింది. విద్యార్థి భోజన, వసతి ఖర్చులకు ఇచ్చేది ఎంటీఎఫ్. పెద్దలు నేటికీ ‘ఉపకార వేతనం’ అని పిలిచేది దీన్నే. మొదటిది కళాశాలకు చెందాల్సిన సొమ్ము, రెండోది విద్యార్థికి చెందాల్సింది. రెంటినీ కలిపి ‘స్కాలర్‌షిప్ వచ్చింది’ అనుకోవడంతోనే చిక్కు మొదలవుతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు మారడం అయోమయాన్ని మరింత పెంచింది. 2020లో ఆర్టీఎఫ్ ‘విద్యా దీవెన’గా, ఎంటీఎఫ్ ‘వసతి దీవెన’గా మారి సొమ్ము తల్లుల ఖాతాల్లో పడేది. 2024లో ప్రభుత్వం మారాక పాత పేర్లు తిరిగి వచ్చాయి, బోధన రుసుమును కళాశాల ఖాతాకే జమ చేయాలని నిర్ణయించారు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. మార్గదర్శకాల ప్రకారం 2021-22 నుంచి కేంద్ర వాటా నేరుగా విద్యార్థి ఖాతాకే రావాలి. అందులో కళాశాల ఫీజు భాగమూ ఉంటుంది. అది చేతి ఖర్చుకని వాడుకుంటే బకాయి విద్యార్థి పేరిటే మిగులుతుంది.

పూర్తి ఫీజు ఎవరికి?

తెలంగాణలో ఇంజినీరింగ్ చేరే బీసీ, ఈబీసీ విద్యార్థులకు ప్రవేశపరీక్షలో 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు వర్తిస్తుంది. ఆ పైన ర్యాంకు వచ్చినవారికి సాధారణంగా ఏడాదికి గరిష్ఠంగా 35 వేల రూపాయలే. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన పరిమితి ఇది. కళాశాల ఫీజు 95 వేలు అనుకుంటే మిగతా 60 వేలు ఏటా ఇంటి నుంచే కట్టాలి. నాలుగేళ్లకు 2.40 లక్షలు. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఈ లెక్క వేసుకుంటున్న కుటుంబాలు తక్కువే.

‘కన్వీనర్ కోటా’ అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నిండే సీటు. యాజమాన్య కోటాలోనూ, తెలంగాణలో స్పాట్ అడ్మిషన్‌లోనూ చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. ‘అన్నీ మేం చూసుకుంటాం’ అన్న మధ్యవర్తుల మాట నమ్మి చేరి, తరువాత అనర్హులమని తెలుసుకుంటున్నవారు ఉన్నారు. బస్సు, హాస్టల్, అదనపు శిక్షణల రుసుములకూ ఈ పథకంతో సంబంధం లేదు.

దరఖాస్తు నుంచి జమ వరకు

తెలంగాణలో ‘ఈ-పాస్’, ఆంధ్రప్రదేశ్‌లో ‘జ్ఞానభూమి’ వెబ్‌సైట్ల ద్వారా నమోదు సాగుతుంది. మొదటి ఏడాదిది ‘ఫ్రెష్’, తరువాతి ఏళ్లది ‘రెన్యువల్’. ఒకసారి నమోదైతే నాలుగేళ్లూ చెల్లుతుందనుకోవడం పొరపాటు. రెన్యువల్ తప్పితే ఆ ఏడాది ఫీజు విద్యార్థి నెత్తిన పడుతుంది. హాజరు 75 శాతం ఉండాలి.

‘మంజూరు’ అంటే అర్హత తేలి, ఇవ్వాల్సిన మొత్తం ఖరారైందని అర్థం. ఆ తరువాత బిల్లు ఖజానాకు వెళ్లి టోకెన్ పడుతుంది. టోకెన్ అంటే వరుసలో నిలబడటమే, డబ్బు కాదు. ప్రభుత్వం నిధులు విడుదల చేస్తేనే ‘జమ’. ఈ మూడింటి మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తున్నాయి. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు ఏకంగా తలుపులు మూశాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ నడుమ నలిగేది విద్యార్థే.

సొమ్ము విద్యార్థి ఖాతాకు రావాలంటే ‘ఆధార్ సీడింగ్’ ఉండాలి. బ్యాంకులో ఆధార్ నకలు ఇస్తే సరిపోదు. చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ జాబితాలో ఆధార్‌కు ఏ ఖాతా అనుసంధానమై ఉంటే సొమ్ము అందులోకే వెళుతుంది. ఎప్పుడో తెరిచి మరచిన ఖాతాలో పడి ‘రాలేదు’ అనుకునేవారూ ఉన్నారు.

ధ్రువపత్రాల విషయంలో యూజీసీ 2018 అక్టోబరు ఉత్తర్వు స్పష్టంగా ఉంది. చేరికప్పుడు ఒరిజినళ్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలి, కళాశాల తన వద్ద అట్టిపెట్టుకోరాదు. అమలు అంతంతమాత్రమే. ప్రవేశ సమయంలో ‘ప్రభుత్వం ఇవ్వకుంటే నేనే చెల్లిస్తాను’ అన్న హామీపత్రంపై సంతకం అడిగితే చదివాకే చేయాలి, నకలు దగ్గర ఉంచుకోవాలి.

బ్యాంకు రుణంలో..

మిగతా మొత్తానికి విద్యా రుణం తీసుకునేవారికి ‘మారటోరియం’ అన్న పదం ఎదురవుతుంది. చదువు కాలం, ఆపై సాధారణంగా ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కర్లేని గడువు ఇది. వాయిదా లేదు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారని, 10 శాతం సాధారణ వడ్డీ అని అనుకుంటే, అయిదో ఏడాది చివరికి వడ్డీయే 1.40 లక్షలు అవుతుంది. అప్పు 4 లక్షలు కాదు, 5.40 లక్షలు.

వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉన్న కుటుంబాలకు, అర్హత గల కోర్సుల్లో ఈ కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి కింద, 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ వర్తిస్తుంది. అయితే ఎంపిక చేసిన విద్యాసంస్థలకే ఇది పరిమితం. చేరబోయే కళాశాల జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. రుణపత్రంపై ‘సహ రుణగ్రహీత’గా సంతకం చేసే తండ్రి సాక్షి కాదు, బాకీదారే.

దరఖాస్తు ఆగిపోతే బీసీలు జిల్లా బీసీ సంక్షేమాధికారి కార్యాలయంలోనూ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ విద్యార్థులు తమ తమ సంక్షేమ శాఖల జిల్లా కార్యాలయాల్లోనూ విచారించవచ్చు. దరఖాస్తు సంఖ్య, సీటు కేటాయింపు పత్రం, బ్యాంకు పాసుపుస్తకం నకలు వెంట తీసుకెళ్లాలి.