తాత ఓటు, మనవడి హక్కు

'తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అన్న సామెతను మనవాళ్ళు ఎగతాళికి పుట్టించారు. దాన్ని అక్షరాలా చట్టం చేసుకున్నవాళ్ళున్నారని చెబితే మా పదో తరగతి పిల్లలు నవ్వారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలు ఆ పని చేశాయి. దాని పేరు గ్రాండ్‌ఫాదర్ క్లాజ్. తాత నిబంధన అందాం.

ఇవాళ ఆ మాట సాధువుగానే కనిపిస్తుంది. కొత్త నియమం వచ్చినప్పుడు పాతవాళ్ళకు పాత పద్ధతే ఉండనిచ్చే మినహాయింపు అని దాని అర్థం. పట్టణ నిర్మాణ నియమాలు మారినా పాత కట్టడాన్ని కూల్చనక్కర్లేదన్నమాట. కానీ ఆ మాట పుట్టిన చోటు వేరు.

అంతర్యుద్ధం ముగిశాక, 1867 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టంతో దక్షిణాదిన నల్లజాతి పురుషులకు ఓటు దక్కింది. జాతి కారణంగా ఓటు నిరాకరించరాదని 1870లో 15వ రాజ్యాంగ సవరణ శాసించింది. మరి జాతి అన్న మాట వాడకుండా జాతిని వెళ్ళగొట్టడం ఎలా? పాలకవర్గం బుర్రకు పదును పెట్టింది. మిసిసిపీ 1890లో దారి చూపింది: ఓటరు రాజ్యాంగంలోని ఒక భాగం చదవాలి, లేదా చదివి వినిపిస్తే భావం చెప్పాలి. ఆ భావం సరైనదో కాదో తేల్చేది నమోదు గుమాస్తా! పద్యానికి భావం రాయించి మార్కులు వేసే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక, ఆ గుమాస్తా చేతిలో ఎంత అధికారం ఉందో నాకు బాగా తెలుసు.

చిక్కల్లా ఏమిటంటే, చదువురాని తెల్ల రైతులూ అదే వలలో పడతారు. పైగా 1890లలో పేద తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే వైపు ఓట్లు వేసే ప్రమాదం భూస్వాములకు కనబడింది. నార్త్ కరోలినాలో అలాంటి కూటమి 1894లో గెలిచింది కూడా. ఆ పొత్తు విడగొట్టాలంటే తెల్ల పేదవాడికి ఏదో ఒకటి ఇవ్వాలి. తాతను ఇచ్చారు.

లూసియానా 1898 రాజ్యాంగం ఓటుకు చదువైనా ఉండాలంది, 300 డాలర్ల ఆస్తి అయినా ఉండాలంది. అయితే 1867 జనవరి 1న గాని, అంతకుముందు గాని ఓటుహక్కు ఉన్నవాడికీ, అతని కొడుక్కీ, మనవడికీ ఈ రెండూ అక్కర్లేదు. ఆ తేదీని గమనించాలి. నల్లవాళ్ళకు ఓటు రావడానికి దాదాపు రెండు నెలల ముందటి రోజు! అదే లూసియానాలో బానిసకు చదువు నేర్పడం 1830 నుంచీ నేరం. తాతకు అక్షరం అందనివ్వనివారు మనవణ్ణి అక్షరం అడిగారు. 1896లో ఆ రాష్ట్రంలో 1,30,334 మంది నల్ల ఓటర్లు నమోదై ఉండగా, 1904 నాటికి మిగిలింది 1,342 మంది. తెల్ల పేదలకు చేసిన మేలూ అంతంతమాత్రమే. ఆ మినహాయింపు 1898 సెప్టెంబరు 1కి ముందే నమోదైనవాళ్ళకు గాని లేదు. తర్వాత ఓటు పన్ను వాళ్ళనూ తొలిచింది.

ఓక్లహోమా 1910లో ఇలాంటి సవరణే తెస్తే 1915లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ వైట్ లూసియానావాడే, అంతర్యుద్ధంలో బానిస యజమానుల పక్షాన సైనికుడు. అక్షర పరీక్ష దానంతటదిగా తప్పు కాదన్నదీ ఆ తీర్పే. ఓక్లహోమా ఊరుకుందా? 1914లో ఓటు వేసినవాళ్ళకు హక్కు అలాగే ఉంచి, మిగతావారు 1916లో పన్నెండు రోజుల్లోగా నమోదు కాకపోతే ఇక ఎప్పటికీ లేదంది. ఆ 1914 ఎన్నిక జరిగింది తాత నిబంధన కిందే! ఈ ఎత్తు చెల్లదని తేలడానికి 1939 దాకా పట్టింది. అక్షర పరీక్షల పని పట్టింది 1965 ఓటుహక్కుల చట్టం.

మాసచూసెట్స్ అప్పీళ్ళ కోర్టు 2020లో ఒక ఇంటి కట్టడం తగాదా తీర్పులో, ఈ మాటకు జాతివివక్ష మూలాలున్నాయి గనుక తాము వాడబోమని అధోజ్ఞాపిక రాసింది. వారి ఉద్దేశం మంచిదే. నేను మాత్రం క్లాసులో ఆ మాట వాడుతూనే ఉన్నాను. వాడి, పక్కనే బోర్డు మీద 1867 జనవరి 1 అని వేస్తాను.