వేట తుపాకియు భుజమును

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున స్థిరపడిన మా బంధువుల పిల్లవాడొకడు, మాకు మనుమని వరుస, ఆ మధ్య మాకొక ఉత్తరము వ్రాసెను. అక్కడ శరదృతువున జింకల వేటకు ప్రభుత్వమే అనుమతి పత్రము లిచ్చుననియు, స్నేహితులతో తానును పోదలచితిననియు, ఎట్టి రైఫిలు కొనవలెనో తెలుపుడనియు దాని సారాంశము. స్నేహితులు పెద్ద తుపాకియే కొనుమనుచున్నారట. వారిది అరువు తెచ్చుకొని ఒకసారి పేల్చి చూడగా భుజము కమిలినదట. రెండవ తూటాకు మీట నొక్కకముందే కన్ను దానంతట అదే మూసికొన్నదట. "మనది పాళెగాండ్ర సీమ గదా తాతయ్యా, మీకు తెలియకుండునా?" అని చివర నొక మాట చేర్చెను.

నరికుడిలో మా యింటి అరుగుపై కూర్చుండి ఆ యుత్తరము చదివికొన్నప్పుడు మాకు మొదట నవ్వు వచ్చినది. తమిళమున 'నరి' యనగా నక్క. నక్క పేరు పెట్టుకొన్న యూరిలోనే నేడు నక్క కనబడుట అరుదు, ఇక జింకవేట తుపాకుల సంగతి మమ్మడుగుటయా అనుకొంటిమి. పిమ్మట ఆలోచన కలిగినది. ఈ సీమలో తుపాకి చరిత్ర యనగా మనము కోటలను, ముట్టడులను, ఉరితీతలను చెప్పుకొందుము. పేల్చినవాని భుజము సంగతి మాత్రము చెప్పుకొనము. తుపాకి పేలినప్పుడు వెనుకకు కొట్టు దెబ్బను ఇంగ్లీషువారు రికాయిల్ అందురు. వేటగాండ్రు 'తుపాకి తన్నినది' అందురు. ఈ వ్యాసమున దానిని ఎదురుదెబ్బ యందుము.

మన తెలుగు కుటుంబములు ఈ నల్లరేగడి నేలకు వచ్చినది ప్రధానముగా విజయనగర రాజుల, మధుర నాయకుల కాలమున. 1529 ప్రాంతమున మధుర పాలనము చేపట్టిన విశ్వనాథ నాయకుని నాట రాజ్యము 72 పాళెములుగా ఏర్పడినదని ప్రతీతి. వచ్చినవారికి ఇది సేద్యపు భూమియే గాక వేటభూమియు నయినది. పాంచాలంకురిచ్చి కోట పుట్టుకయే ఒక వేట కథ. తరుముచున్న వేటకుక్కలపై కుందేలు తిరగబడి వానినే తరిమినదట. అది వీరభూమి యని యెంచి అక్కడ కోట కట్టిరట. ఇదే కథను విజయనగరమునకును చెప్పుదురు. మనవారు సామానుతోపాటు ఆ కథను గూడ బండి కెక్కించుకొని వచ్చిరేమో యని మాకొక అనుమానము. గెట్టిబొమ్ము అను తెలుగు పేరే కట్టబొమ్మన్ అయినదని పెద్దలు చెప్పుదురు గదా, కథకు మాత్రము వలస యేల కూడదు?

ఈ మైదానములలో గుంపులుగా తిరిగినది కృష్ణజింక. శాస్త్రజ్ఞుల లెక్కలో అది దుప్పి, కణుజుల జాతిలోనిది కాదు. దుప్పి కొమ్ములు రాలి మరల మొలచును, కృష్ణజింక కొమ్ములు రాలవు. మగ కృష్ణజింక సుమారు 35, 40 కిలోల బరువుండును. చుక్కల దుప్పి దానికి ఇంచుమించు రెండింతలు. కొండలలోని కణుజు అయిదారింతలు. వేటసాధనము నెన్నుకొనువాడు మొదట ఎరుగవలసినది ఈ లెక్కయే. కృష్ణజింకపై ఏనుగు తుపాకి యెత్తుట వీరము కాదు, తెలివిమాలినతనము.

తుపాకికి ముందు ఈ సీమవారు ఈటెతోను, కుక్కలతోను, వలరితోను వేటాడిరి. వలరి యనగా కొడవలివలె వంగిన విసరుకొయ్య. మరుదు సోదరులలో చిన్నవాడు తనకు ఈటె వేయుటను, ఆ కొయ్య విసరుటను నేర్పెనని జేమ్సు వెల్షు అను కుంపిణీ సైనికాధికారి 1830లో అచ్చయిన తన జ్ఞాపకములలో వ్రాసికొనెను. నేర్పరి చేతిలో అది నూరు గజముల లోపల గురి తప్పదని యాతని సాక్ష్యము. ఆ నేర్పిన గురువుతోనే 1801లో కుంపిణీవారు యుద్ధము చేసి, ఆయనను ఉరితీసిరి. ఇక కుక్కల మాట. రాజపాళయపు తెల్లని వేటకుక్క నెరుగనివారు మన జిల్లాలో లేరు. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ళ వేసినది. వీనిలో నేదియు వేటగాని భుజమును తన్నదు. విసరిన చేతికి తన బలమెంతయో ముందే తెలియును.

వత్తి తుపాకి దక్షిణ దేశమున పదునారవ శతాబ్దములో బాగుగా వ్యాపించినది. జామగి యనెడి నిప్పువత్తిని మీటతో గిన్నెలోని మందుపైకి దింపుటయే దాని యంత్రము. ప్రదర్శనశాలలలో ఈ తుపాకులను నిలబడి చూచినవారికి రెండు సంగతులు కనబడును. గొట్టము మిక్కిలి పొడవు, మిక్కిలి బరువు. వెనుక కట్టె సన్నము. పెక్కింటికి భుజమున కానించు వెడల్పైన మడమయే లేదు. కొన్నింటికి ముందు రెండు కాళ్ళ ఊత యుండును. వేటగాడు నేలపై కూర్చుండి, గొట్టమును ఊతపై నుంచి, కట్టెను చంక క్రింద నదిమి పేల్చుట గలదు. మోటుపని యని నవ్వుదుము గాని, ఎదురుదెబ్బ విషయమున అది తెలివిగల యేర్పాటే. బరువంతయు తుపాకిలోనే యున్నది; మందెంత పోయవలెనో నిర్ణయము వేటగాని చేతిలో నున్నది. జింకకు చాలినంత పోసికొనినచో తుపాకి కొంచెము కదలి యూరకుండును.

కుంపిణీ సిపాయిల తుపాకి వేరు. దాని బరువు సుమారు 10 పౌనులు; ఒక పౌను సీసమునకు పదునాలుగైదు గుండ్లు మాత్రమే వచ్చునంతటి పెద్ద గుండు దానిది. మందు ముందే కొలచి కాగితపు పొట్లములో కట్టియుండును, తగ్గించుకొను వీలు లేదు. యుద్ధమున ఒక్కని గురికంటె వరుస యంతయు త్వరగా పేల్చుట ముఖ్యము. సిపాయి భుజము కమిలినను పటాలమునకు నష్టము లేదు. సైనికుని తుపాకి వేటగానికి తగునను భ్రమ అప్పటినుండియే మొదలైనదని మా యూహ. మనుమని స్నేహితులును ఆ భ్రమలోనివారే.

1799 అక్టోబరులో కయత్తారున వీరపాండ్య కట్టబొమ్మనను ఉరితీసిరి. మరల కట్టిన పాంచాలంకురిచ్చి కోట 1801 మే నెలలో పడినది. ఆ యేడు డిసెంబరులో మదరాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు ఈ దక్షిణ సీమలలో ఆయుధములు ధరించుటను నిషేధించుచు ప్రకటన వెలువరించెను. పిమ్మట లిట్టన్ ప్రభువు నాటి 1878 చట్టము దేశమంతటను భారతీయులకు లైసెన్సు విధించినది. తెల్లవారికి ఆ బంధనము లేకుండెను. ఈ యుత్తరువుల వలన ఆయుధములు పోవుటయే గాక, మరియొకటియు పోయినది. ఏ తుపాకి ఏ మృగమునకు, ఏ మందు ఏ భుజమునకు అను తెలివి తండ్రినుండి కొడుకునకు చేతిమీదుగా వచ్చునది. చేయి ఖాళీయైన పిమ్మట అది యెట్లు వచ్చును? మిగిలినది మీసము మాత్రమే.

ఎదురుదెబ్బకు కారణమును న్యూటను 1687లోనే చెప్పియుండెను. గుండును, మందుపొగను ముందుకు త్రోసిన వేగబలమెంతయో, తుపాకిని వెనుకకు త్రోయునదియు అంతే. గుండు బరువైనకొలది, వేగము హెచ్చినకొలది, మందు పెరిగినకొలది దెబ్బ పెరుగును. తుపాకి బరువు రెట్టింపైనచో భుజమునకు తగులు శక్తి సగమగును. దీని నెరిగియు నెరుగనట్లు ప్రవర్తించినవాడు సామ్యూల్ బేకరు అను ఆంగ్లేయ వేటగాడు. అర్ధపౌను గుండు వేయు మహాతుపాకి నొకదానిని చేయించుకొని దానికి 'బేబీ' యని పేరు పెట్టెను. అది పేలినప్పుడు గాలికోడివలె తిరిగిపోవుదునని, దానిని పేల్చుటకు తానే జంకుదునని వ్రాసికొనెను. ఈ బేకరే అంతకుముందు మనకు సముద్రము ఆవల నున్న సింహళములో ఏండ్ల తరబడి కణుజులను వేటాడెను. దేనితో? కుక్కలతోను, నడుమున దోపిన కత్తితోను! ఆయన జీవితమున మాకు నచ్చిన సంగతి యిదియే.

1886లో ఫ్రెంచివారు పొగలేని మందుతో సన్నగొట్టపు రైఫిలును తమ సైన్యమునకిచ్చిన పిమ్మట ప్రపంచము మారినది. చిన్న తూటా, గొప్ప వేగము, తక్కువ దెబ్బ. 1907లో చంపావతి నరభక్షకిని చంపిన జిమ్ కార్బెట్టునకు బహుమతిగా ఇచ్చిన రైఫిలు .275 రిగ్బీ; అది జర్మనుల 7 మిల్లీమీటర్ల మౌజరు తూటాయే. ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను కూల్చిన బెల్ అను స్కాట్లండు వేటగాడును ఎక్కువగా వాడినది ఈ చిన్న తూటానే. ఏనుగుల నట్లు కూల్చుటను మేము మెచ్చము. కాని భుజమును బాధింపని తూటాతో చేయి కదలక, సరియైన చోట కొట్టుట వలననే ఆయన పని జరిగినదను మాట సత్యము. మన దేశమున సైన్యపు .303 తూటా ప్రజలకు కూడదనిరి గనుక .315 రైఫిలు ప్రచారమునకు వచ్చినది. ఇషాపూరు కర్మాగారమున తయారగు దాని తూటా పాత ఆస్ట్రియా సైన్యపు మాన్లిఖరు తూటాయే.

పల్లెలలో లైసెన్సున్నవారి యింట సాధారణముగా కనబడినది 12 బోరు తుపాకి. మా చిన్ననాట ఊరి పెద్దయింట నొకటి యుండెడిది. పండుగనాడు ఆకాశమునకు పేల్చుటకు తప్ప దానిని బయటికి తీయరు. పదునారేండ్ల కుర్రవాడొకడు దానిని భుజమున కానించక రెండంగుళముల యెడముంచి పేల్చి, వారము దినములు ఎడమచేత అన్నము తినెను. బలమైన తూటా వేసినచో 12 బోరు తన్ను అనేక జింకవేట రైఫిళ్ళ తన్నుకంటె హెచ్చని మాకు చాల కాలమునకు గాని తెలియలేదు.

బాధను శరీరము మరువదు. మరుసటి పర్యాయము మీటపై వ్రేలు పడగానే కన్ను మూయును, భుజము ముందుకు ఉలుకును, గొట్టము అంగుళము క్రుంగును. నూరు గజములలో ఆ అంగుళము అడుగుకంటె హెచ్చగును. గుండెకు తగులవలసినది పొట్టకో కాలికో తగులును. గాయపడిన జింక పరుగెత్తి పొదలలో దూరి, రెండు దినములు బాధపడి చచ్చును. దొరకదు, ఎవరికిని ఉపయోగపడదు. పెద్ద తుపాకి దయగలదను వాదము ఇక్కడనే ఓడిపోవును. మనుమని కన్ను మూసికొన్నదన్నప్పుడు మాకు భయము కలిగినది అతని భుజమును గూర్చి కాదు.

మన దేశమున ఈ యెన్నికకు చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో జింకవేట నేరమైనది, కావలసిన చట్టమే. పాంచాలంకురిచ్చికి దూరము కాని వల్లనాడు గుట్టపై 1987లో కృష్ణజింకల శరణాలయ మేర్పడినది. దేశమున సహజముగా కృష్ణజింక లున్న దక్షిణపు కొన యదియే. మన గుడుల పారువేట ఉత్సవమున దేవుడు వేటకు పోవును, ఏ ప్రాణియు చావదు. మన వేట ఇక నంతవరకే.

టెక్సాసు మాట వేరు గనుక మనుమనికి జవాబు వ్రాసితిమి. అక్కడి తెల్లతోక జింక మన చుక్కల దుప్పికి దగ్గర పరిమాణము. ఏడున్నర పౌనుల తుపాకిలో 1955 నాటి .243 వించెస్టరు తూటా ఎదురుదెబ్బ సుమారు 10 అడుగు-పౌనులు. 2007 నాటి 6.5 క్రీడ్‌మూరు 12, 13; .308 సుమారు 16, స్నేహితులు మెచ్చు.30-06 ఇరువది దాటును; .300 మాగ్నమ్ .243కు దాదాపు మూడింతలు. పదునైదు దాటినచో చాలమందికి ఉలుకు పట్టునని అనుభవజ్ఞుల మాట. కావున మొదటి రెండింటిలో నొకటి కొని, రెండువందల గజముల లోపలనే కొట్టుమంటిమి. మరీ తేలిక తుపాకి మోయుటకు సుఖము, పేల్చుటకు కష్టము. మడమకు రబ్బరు మెత్త వేయించుమంటిమి. గొట్టము కొనకు బిగించు బ్రేకు దెబ్బను తగ్గించును గాని చప్పుడు పెంచి చెవులను చెరచును. ఉలుకులో సగము చప్పుడు వలననే గనుక చెవులకు కాపు లేనిదే ఒక్క తూటాయు పేల్చవద్దంటిమి. పట్టిన ఉలుకు వదలుటకు మూడు నెలలు .22 రైఫిలుతో కాగితపు గురిని కొట్టవలెను. అక్కడి వేట శిక్షణ తరగతికి పోయి పత్రము పుచ్చుకొనవలెను. కట్టె పొడవు భుజమునకు సరిపడనిచో ఏ తూటాయైనను తన్నును గనుక, మోచేతి మడతనుండి చూపుడు వ్రేలి మొదటి కణుపు వరకు కొలత తీసి పంపుమని వ్రాసితిమి.

కొలత యింకను రాలేదు. ఈలోపల వాని తల్లి ఫోనులో మాటాడి, వేటకేమో గాని .22 కొన్నాడనియు, ప్రతి ఆదివారము కాగితములకు చిల్లులు పెట్టుచున్నాడనియు చెప్పినది.